నిజం కాపురం పెట్టిన ఇల్లు

"ఆ గిన్నె ఇక్కడ పెట్టకు. తీసుకెళ్ళు."

గోడ వైపు తిరిగి పడుకునే ఆ మాట అంది అత్తగారు.

జావ గిన్నె పట్టుకుని మంచం పక్కన నిలబడ్డ ఇల్లాలికి ఏం చెయ్యాలో పాలుపోలేదు. నిన్న పొద్దున కూడా ఇదే మాట. సాయంత్రమైతే ఆ మాట కూడా లేదు. బాగున్న చేత్తో ఒక్క విసురు విసిరింది. పాలు దుప్పటి నిండా పడ్డాయి, గ్లాసు మంచం కిందికి దొర్లింది.

"నాలుగు చెంచాలు తాగండి అత్తయ్యా. మాత్ర వేసుకోవాలి కదా. ఖాళీ కడుపున పడదు."

"దేనికా మాత్ర?"

"రక్తం గడ్డకట్టకుండా."

"కట్టనీ. కడితే ఏమవుతుంది, రెండో కాలు కూడా పడిపోతుంది. అంతేగా. ఈ ఒంటికాలితో నేను ఏలాల్సిన రాజ్యాలేం ఉన్నాయిలే."

ఆ మాటలో కోపం ఉంటే ఇల్లాలు తట్టుకునేది. కోపం లేదు. చిరునామా సరిగా లేని కవరుని పక్కన పడేసినట్టు అంది.

ఆవిడ బతుకంతా తపాలా బట్వాడా చేసింది. కొడుకు కడుపున పడ్డ ఏడాదే మొగుడు పోయాడు. చంకలో పిల్లాడు, భుజాన సంచీ. ఊళ్ళో ఆవిడ ఎక్కి దిగని గుమ్మం లేదు. ఆఫీసు వాళ్ళు సైకిలిస్తామంటే, "కాళ్ళున్నాయి కదా, అవేం చేస్తాయి మరి?" అందట. రిటైరయ్యాక కూడా పొద్దున్నే లేచి, ఎవరికీ ఇవ్వడానికేమీ లేకపోయినా, ఆ వీధులన్నీ ఓ చుట్టు చుట్టి వస్తే గానీ కాఫీ తాగేది కాదు. "బతుకెందుకు అనే ప్రశ్న నడిచేవాళ్ళకి రాదే. అది కూర్చున్నవాళ్ళకి పట్టే జబ్బు" అని మనవరాలిని ఆటపట్టించేది. అలాంటి మనిషికి పోయిన ఏడాది పక్షవాతం వచ్చి ఎడమ పక్క పడిపోయింది.

కోడలిది ఆసుపత్రిలో ఫిజియోథెరపీ ఉద్యోగం. పడిపోయిన కాళ్ళనీ చేతుల్నీ కదిలించడమే ఆమె పని. డాక్టర్లు తల అడ్డంగా ఊపి వెళ్ళిపోయిన రోజున, అత్తగారి పాదం ఒళ్ళో పెట్టుకుని, "నడుస్తారు అత్తయ్యా. నేను నడిపిస్తాను" అంది. ఆ ఒక్క మాట మీద ఏడాది గడిచింది. పొద్దునోసారి, సాయంత్రమోసారి మోకాలు వంచడం, మడమ నొక్కడం, నడుముకి వెడల్పాటి బెల్టు కట్టి, ఆ బెల్టు పట్టుకుని లేపి నిలబెట్టడం. నిలబడ్డ ప్రతిసారీ అత్తగారు "ఎప్పటికి?" అని అడిగేది. కోడలు తడుముకోకుండా, "ఎండలు ముదిరేలోపు" అనో, "వానలు తగ్గాక" అనో చెప్పేది.

మొన్న మధ్యాహ్నం ఆ ఇంటి యజమాని, ఒకప్పటి లాయరు, తల్లి మంచం దగ్గర కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. ఆవిడ చెయ్యి తన చేతుల్లోకి తీసుకుని ఎంతో నెమ్మదిగా చెప్పాడు. "అమ్మా, నువ్విక నడవవు. ఎప్పటికీ. డాక్టర్లు ఆ రోజే చెప్పారు. ఇన్నాళ్ళూ నీ దగ్గర దాచాం."

అప్పుడు గోడ వైపు తిరిగింది ఆవిడ. మళ్ళీ ఇటు తిరగలేదు.

"అమ్మాయ్."

"చెప్పండి అత్తయ్యా."

"వాడు చెప్పింది నిజమేనా?"

ఇల్లాలు జావలో చెంచా తిప్పింది. ఏడాదిగా నాలుక చివర సిద్ధంగా ఉన్న మాట, ఇవాళ గొంతు దాటి రానంది.

"ఒక్కో మనిషి ఒళ్ళు ఒక్కోలా..."

"అది ఆసుపత్రి మాట. ఇంటి మాట చెప్పు."

ఇల్లాలు వంగి దుప్పటి సర్దింది. చెప్పకపోవడమే చెప్పడమైంది.

"సరే" అంది అత్తగారు, గోడతోనే. "ఇంకొకటి. ఏడాది పొడుగునా ఆ అబద్ధం నా కోసం చెప్పావా, నీ కోసం చెప్పావా?"

"మీ కోసమే అత్తయ్యా. ఒట్టు."

"కాదే. నేను ఏడుస్తుంటే నువ్వు వినలేకపోయావు. పసిపిల్ల నోట్లో తేనెపీక పెట్టినట్టు పెట్టావు. పిల్ల ఊరుకుంది. నువ్వు హాయిగా నిద్రపోయావు. తీసుకెళ్ళు ఆ గిన్నె."

భోజనాల బల్ల దగ్గర లాయరు రొట్టెకి వెన్న రాసుకుంటున్నాడు. అంచుల దాకా, మూలలు కూడా వదలకుండా, ఓపిగ్గా రాసుకుంటున్నాడు. ఎదురుగా కూతురు కూర్చుని ఉంది. కాలేజీలో ఆఖరి ఏడు చదువుతున్నా ఇంట్లో అందరికీ ఇంకా పిచ్చుకే. తండ్రి ఏ పుస్తకం చదివితే ఆ పుస్తకం, తండ్రి ఏ మాటంటే ఆ మాట.

ఇల్లాలు గిన్నెని బల్ల మీద పెట్టింది. పెట్టడం కాదు, గుద్దింది.

"తిన్లేదా?" అన్నాడు లాయరు.

"మీరు మొన్న పెట్టింది ఇంకా అరగలేదు."

"వెటకారం వద్దు. అడగాల్సింది సూటిగా అడుగు."

"సూటిగానే అడుగుతున్నాను. ఎందుకు చెప్పారు?"

"నిజం కాబట్టి."

"నిజమైనవన్నీ చెప్పేస్తారా?"

"ఈ ఇంట్లో చెప్తాను. మాటిచ్చాను కదా."

ఎవరికి మాటిచ్చాడో ఇంట్లో అందరికీ తెలుసు. చచ్చిపోయిన ఒక బస్సు డ్రైవరుకి. బ్రేకులు పాడైన బస్సు వంతెన మీంచి పడితే, యజమాని తరఫున నిలబడి, బ్రేకులు బాగానే ఉన్నాయి, డ్రైవరే తాగి నడిపాడని వాదించింది ఈ లాయరే. గెలిచాడు కూడా. డ్రైవరు జైల్లో ఉరేసుకున్నాడు. ఆ కబురు తెలిసిన రోజున లాయరు విప్పిన నల్లకోటు మళ్ళీ తొడగలేదు. "నా నాలుకే వాడి మెడకి తాడయింది" అన్నాడు. పుస్తకాల్లో పడ్డాడు. ఎలా బతకాలి, ఎందుకు బతకాలి, ఇవి తప్ప ఇంకో మాట లేదు. చివరికి పోయిన నెల అందర్నీ కూర్చోబెట్టి, ఇకమీదట ఈ గడప లోపల అబద్ధం వినబడకూడదనీ, అలా బతికితేనే తన బతుక్కి అర్థమనీ చెప్పాడు. ఆ రోజు ఇల్లాలు కళ్ళు తుడుచుకుంది. ఇంత మంచి మనిషా నా మొగుడు అనుకుని.

"మనిషికి తన సంగతి తనకి తెలియాలి" అన్నాడు లాయరు, కత్తి పక్కన పెట్టి. "తెలిస్తే, మిగిలిన కాలం ఏం చేసుకోవాలో తనే తేల్చుకుంటుంది. నువ్వు అమ్మని తేల్చుకోనివ్వలేదు. ఏడాది పాటు రోగిలాగే ఉంచావు, మనిషిని కానివ్వలేదు."

"ఇప్పుడు తేల్చుకున్నారుగా. తిండి మానేశారు. మీకు కావలసిన తేల్చుకోవడం అదేనా?"

"అది దుఃఖం. తగ్గుతుంది. అబద్ధం మీద నిలబెట్టిన బతుకు కంటే..."

"నిలబెట్టానుగా నేను! మీ నిజం మీద పడుకోబెట్టింది మీరు. వెళ్ళి చూడండి ఎలా ఉన్నారో."

పిచ్చుక తలెత్తింది.

"చక్రాల కుర్చీ తెద్దామని నాన్న పోయిన ఏడాదే అన్నాడమ్మా. నువ్వే వద్దన్నావ్."

"ఆ కుర్చీ కళ్ళబడితే మీ నాన్నమ్మ ఆశ వదిలేస్తుందని వద్దన్నాను."

"ఆశ వదల్లేదు, సరే. గది కూడా వదల్లేదు కదా. ఏడాదిగా వీధి మొహం చూళ్ళేదు నాన్నమ్మ. నువ్వు చెప్పిన ఎండలూ వానలూ అన్నీ కిటికీలోంచే చూసింది. మొన్న నాన్న చెప్పాక నేను వెళ్ళి అదే అన్నాను నాన్నమ్మతో. అమ్మ నిన్ను బాగుచెయ్యలేదు, దాచిపెట్టింది అని."

ఇల్లాలు కుర్చీ వీపు పట్టుకుంది.

"అన్నావా? ఆ స్థితిలో ఉన్న మనిషితో అన్నావా?"

"నిజమే కదా. కాదా నాన్నా?"

మెచ్చుకోలు కోసం తండ్రి వైపు తిప్పిన మొహం అది. చిన్నప్పుడు మార్కులు చూపించేటప్పుడు కూడా అలాగే తిప్పేది. లాయరు రొట్టె పక్కన పెట్టి కూతురి వంక చూశాడు. మొన్న తల్లి వంక చూసినట్టే, ఎంతో నెమ్మదిగా.

"మాట నిజమే. కానీ నువ్వు నిజం కోసం అనలేదు పిచ్చుకా. ఎదుటివాళ్ళు విలవిల్లాడుతుంటే నీకు సరదా. చిన్నప్పటి నుంచీ చూస్తున్నాను. నువ్వు నా దగ్గర నేర్చుకున్నది నిజం చెప్పడం కాదు, గుచ్చడం."

పిచ్చుక నవ్వబోయింది. "ఊరికే అంటున్నావు కదూ?"

"నేను ఊరికే ఏదీ అనను. నీకు తెలుసు."

ఆ పిల్ల లేచి తన పళ్ళెం తీసుకెళ్ళి కడిగింది. కడిగిన పళ్ళేన్నే మళ్ళీ కడిగింది. కూతుర్ని దగ్గరికి తీసుకోవాలనిపించింది ఇల్లాలికి. అడుగు పడలేదు. లోపల ఏ మూలో చిన్న తృప్తి. దానికీ తగిలిందిలే, అన్న తృప్తి. ఆ తృప్తి తనదేనని గుర్తుపట్టి ఆమెకే ఒళ్ళు జలదరించింది.

చేతిసంచీ తీసుకుని ఆసుపత్రికి బయల్దేరింది.

ఆసుపత్రి హాల్లో నడుం ఎత్తున రెండు పొడవాటి ఇనప కడ్డీలు పక్కపక్కనే ఉంటాయి. వాటి మధ్య రోగుల్ని నడిపిస్తారు. ఆ పూట మొదటి మనిషి రంగులు వేసే మేస్త్రీ. ఎత్తైన మేడకి రంగు వేస్తూ పడి వెన్ను దెబ్బతిన్నవాడు. కడ్డీలు రెండూ పట్టుకుని, మెడ నరాలు ఉబ్బేలా ఒంటిని పైకి లాక్కుని నిలబడ్డాడు.

"ఏం డాక్టరమ్మా, నేను మళ్ళీ నిచ్చెన ఎక్కుతానా లేదా? మా ఆవిడ మరీ మరీ అడగమంది."

రోజూ అడిగేదే. రోజూ ఆమె, "ఎక్కక? ఊళ్ళో గోడలన్నిటికీ నన్నొచ్చి రంగు వెయ్యమంటావా?" అనేది. అతను పకపకా నవ్వి ఇంకో అడుగు ఈడ్చేవాడు. నవ్వు కోసమే అడిగేవాడేమో కూడా.

ఇవాళ ఆమె నోరు తెరిచింది. మాట రాలేదు. "నీ కోసం చెప్పావా, నా కోసం చెప్పావా" అని చెవి పక్కనే ఎవరో అడిగినట్టయింది.

నవ్వడానికి సిద్ధంగా ఉన్న మేస్త్రీ మొహం అలాగే కాసేపు ఉండిపోయింది. తర్వాత మెల్లగా వాడిపోయింది.

"ఏమ్మా, మాట రావట్లేదు?"

"గొంతు బాలేదు మేస్త్రీ. పట్టుకో, ఇంకో అడుగు వెయ్యి."

"నిన్నటిదాకా బాగానే ఉందిగా గొంతు."

అతను తన కాళ్ళ వంక చూసుకున్నాడు. ఎవరివో కాళ్ళు తన ఒంటికి తగిలించి పోయినట్టు చూసుకున్నాడు. ఆమె చెయ్యి అందించేలోపు కడ్డీలు వదిలి కుర్చీలో కూలబడ్డాడు.

"ఇవాళ్టికి చాలమ్మా."

"ఇంకా మొదలే పెట్టలేదు కదయ్యా."

"చాలన్నానుగా" అన్నాడు గట్టిగా. హాల్లో ఉన్నవాళ్ళంతా తిరిగి చూశారు. ఆ తర్వాత ఎంత బతిమాలినా లేవలేదు. అతని భార్య వచ్చి కుర్చీ తోసుకుంటూ వెళ్తూ, గుమ్మం దగ్గర ఆగి ఆమె వంక ఒక్క చూపు చూసింది. ఏం చేశావు మా ఆయన్ని, అన్న చూపు.

అబద్ధం చెప్తే ఒక గదిలో బందీ అయింది ఒక మనిషి. నిజం చెప్పక్కర్లేదు, అబద్ధం ఆపితే చాలు, కూలబడ్డాడు ఇంకో మనిషి. మనుషుల్ని ఎలా బతకనివ్వాలి? తనకి ఒంట్లో బాగాలేదని చెప్పి మధ్యాహ్నానికే ఇంటిదారి పట్టింది.

గుమ్మంలోనే పిచ్చుక ఎదురైంది. కళ్ళు వాచి ఉన్నాయి. పొద్దుటి ఏడుపు కాదు, కొత్త ఏడుపు.

"అమ్మా, నాన్నమ్మ ఇందాక నాన్నని పిలిచింది."

"తిన్నారా?"

"తిండి మానేస్తే ప్రాణం ఎంత కాలానికి పోతుందని అడిగింది."

ఇల్లాలు చెప్పులు విప్పబోయినది అలాగే ఆగిపోయింది. "ఆయనేమన్నారు?"

"చెప్పాడు." పిల్ల అరచేత్తో కళ్ళు తుడుచుకుంది. "ముందు ఏది నీరసిస్తుందో, తర్వాత ఏది ఆగిపోతుందో, నీళ్ళు తాగుతూ ఉంటే ఎంత సాగుతుందో, తాగకపోతే ఎంత తొందరగా అవుతుందో, అన్నీ. పుస్తకంలో కూడా చూసి వచ్చి మరీ చెప్పాడమ్మా. నేను గుమ్మంలోనే ఉన్నాను. ఆపలేకపోయాను."

"అత్తయ్య ఏమన్నారు?"

"మంచి మాట చెప్పావు నాయనా అంది. అప్పటి నుంచి మంచినీళ్ళు కూడా వద్దంటోంది."

లాయరు తన పాత ఆఫీసు గదిలో కూర్చుని ఉన్నాడు. చట్టాల పుస్తకాలుండే అలమరలో ఇప్పుడు వేరే పుస్తకాలు. ఇల్లాలు లోపలికొచ్చి తలుపు వేసింది.

"అడిగింది కాబట్టి చెప్పాను" అన్నాడు, ఆమె నోరు విప్పకముందే. మొహం పాలిపోయి ఉంది. "నాకు సులువుగా ఉందనుకుంటున్నావా? కన్నతల్లికి ఆ మాటలు చెప్పడం? కానీ ఒక్కసారి, ప్రేమ పేరు చెప్పి ఒక్కసారి తప్పించుకున్నానంటే, మళ్ళీ ఆ పాత మనిషినే అవుతాను. ఒకణ్ణి చంపిన నాలుక ఇది. దీన్ని నేను వదలకూడదు."

ఆ మాట వినగానే ఇల్లాలికి ఏం చెయ్యాలో తెలిసింది. ఇన్నాళ్ళూ చెయ్యనిది, చెయ్యకూడదనుకున్నది.

"మీకో నిజం చెప్పాలి."

"చెప్పు."

"చాలాకాలంగా దాచాను."

"అయితే ఇంకా తొందరగా చెప్పాలి. ఎంత కష్టమైనదైనా సరే."

"మీ సీనియర్ లాయరు గారికి చెయ్యి పడిపోయినప్పుడు వ్యాయామం చేయించింది నేనే. గుర్తుందిగా?"

"ఉంది."

"అప్పట్లో మీకు కేసుల్లేవు. ఆఫీసు తలుపు తీసి, ఈగలు తోలుకుని, సాయంత్రానికి తాళం వేసుకుని వచ్చేవారు. ఆయన వేళ్ళు ఒక్కొక్కటే వంచుతూ నేను బతిమాలాను. మా ఆయనకి ఏదో ఒక కేసు ఇప్పించండీ అని. బస్సు కేసు అలా వచ్చింది మీకు."

లాయరు కుర్చీలో సర్దుకున్నాడు. "నువ్వడిగితే ఇచ్చారా? నా పేరు విని కాదా?"

"పూర్తిగా వినండి. కేసు గెలిచామని మీరు ఇంటికొచ్చి గంతులేశారే, ఆ మర్నాడు ఆయనకి థాంక్స్ చెప్పాను. ఆయన నవ్వారు. మీ ఆయన గెలవడమేమిటమ్మా, ఆ కేసు కోర్టుకి రాకముందే తేలిపోయింది అన్నారు. బస్సు యజమాని ముందే అందర్నీ మేనేజ్ చేసుకున్నాడట. సాక్షుల్ని, బ్రేకులు చూసినవాణ్ణి, తీర్పు రాసేవాణ్ణి. లాయరన్నవాడు ఒకడు నిలబడాలి కాబట్టి మిమ్మల్ని నిలబెట్టారట. ఆ రోజు మీరు వాదించింది ఎవరూ వినను కూడా లేదట."

గదిలో ఫ్యాను తిరుగుతోంది. బల్ల మీద తెరిచిన పుస్తకం కాగితాలు వాటంతటవే తిరుగుతున్నాయి. లాయరు వాటిని ఆపలేదు.

"అంటే..."

"మీ నాలుక ఎవరి మెడకీ తాడు కాలేదండీ. ఆ డ్రైవరు మీ వల్ల పోలేదు. మీరు నిలబడ్డా, మీ చోట ఇంకో గుంజ నిలబడ్డా పోయేవాడే. గొప్ప లాయర్ని కాదని మీకెలాగూ తెలుసు. గొప్ప పాపి కూడా కాదు మీరు. అది ఇప్పుడు తెలుసుకోండి."

ఇంకో మనిషైతే ఊపిరి పీల్చుకునేవాడు. నా వల్ల కాదట, బతికించావు అని ఆమె చేతులు పట్టుకునేవాడు. లాయరు మాత్రం అంతకంతకూ చిన్నవాడైపోయాడు. ఆ పాపం ఒక్కటే ఆయన మిగుల్చుకున్న ఆస్తి. దాని మీదే ఇల్లు కట్టాడు, దాని మీదే తల్లిని, కూతుర్ని, పెళ్ళాన్ని నిలబెట్టి తూకం వేశాడు. ఆ పునాది కూడా అద్దెదని తేలింది.

"అబద్ధం" అన్నాడు. "కోపంతో అంటున్నావు. అబద్ధమని చెప్పు."

"ఈ గడప లోపల అబద్ధం వినబడకూడదన్నారుగా."

"ఒక్కసారి." కుర్చీలోంచి లేచాడు. గొంతు పిల్లాడి గొంతైపోయింది. "నన్ను బాధపెట్టాలని కల్పించానని చెప్పు. నేను నమ్ముతాను. ఇంకెప్పుడూ అడగను."

"చెప్పను."

ఆ మూడక్షరాల్లో ఎంత రుచి ఉందో ఆమెకి తెలిసొచ్చింది. పొద్దున కూతురి మొహం చూసినప్పుడు కలిగిన తృప్తి చిన్నది, ఇది పెద్దది. ఆయన బల్ల అంచు పట్టుకుని నిలబడలేక నిలబడుతుంటే, పట్టుకోవడానికి ఆమె చెయ్యి కూడా కదల్లేదు. రోజూ ఎందరినో పట్టుకునే చెయ్యి.

"ఇప్పుడు తెలిసిందా, మీ అమ్మగారు గోడ వైపు ఎందుకు తిరిగారో?"

బల్ల మీది పుస్తకం మూసి ఆయన అడిగాడు. "ఏం చెయ్యమంటావు?"

"వెళ్ళి ఆవిడతో చెప్పండి. పొరపాటు పడ్డానని. డాక్టర్ని మళ్ళీ కనుక్కున్నాను, నడుస్తావన్నారని."

"అబద్ధం చెప్పమంటున్నావు."

"నేను చెప్తే నమ్మరు. నా నోటికి విలువ లేకుండా చేశారు. మీ నోటికి ఇంకా ఉంది. ఉన్నప్పుడే వాడండి. గుక్కెడు నీళ్ళు తాగితే చాలు."

లాయరు తల్లి గదిలోకి వెళ్ళాడు. వెనకే ఇల్లాలు. గుమ్మం దగ్గర పిచ్చుక గోడకి అతుక్కుని నిలబడింది.

"అమ్మా."

ఆవిడ గోడ వైపే ఉంది.

"అమ్మా, నేను తప్పు చెప్పాను. డాక్టరుతో ఇప్పుడే మాట్లాడాను. నీ కాలు బాగవుతుందట. నువ్వు నడుస్తావట."

మంచం మీద దుప్పటి కదిలింది. అత్తగారు బాగున్న చేత్తో మంచం పట్టీ పట్టుకుని, కష్టం మీద ఇటు తిరిగింది. పెదాలు ఎండి పగిలి ఉన్నాయి. కళ్ళు మాత్రం కొడుకు మొహం మీద దీపాల్లా నిలిచాయి.

"నిజమేనా?"

"నిజం."

"నువ్వు అబద్ధమాడవు కదరా?"

"ఆడనమ్మా."

"నీళ్ళివ్వు" అంది ఆవిడ.

గ్లాసుడు నీళ్ళూ తాగింది. గడ్డం కింద నుంచి కారుతున్నా తుడుచుకోకుండా తాగింది. జావ అడిగింది. పిచ్చుక పరుగెత్తుకెళ్ళి తెచ్చింది. చెంచా అందుకుని ఇల్లాలు తినిపిస్తుంటే కళ్ళనీళ్ళు ఆగలేదు. నిజమో అబద్ధమో, లోపలికి వెళ్తోంది కదా, అదే చాలనుకుంది.

గిన్నె సగం కూడా కాలేదు.

"బెల్టు తీసుకురా అమ్మాయ్."

"రేపు చేద్దాం అత్తయ్యా. నీరసంగా ఉన్నారు."

"ఏడాదిగా రేపు రేపనే అంటున్నావు. నీ మాట ఇంక నేను వినను. తెస్తావా, నన్నే దిగమంటావా?" అంటూనే కాలు మంచం దించేసింది.

చేసేది లేక నడుముకి బెల్టు కట్టింది ఇల్లాలు. రోజూ చేసినట్టే ఆవిడ ఎడమ మోకాలు మడతపడకుండా తన మోకాలు ఆనించి, బెల్టు గట్టిగా పట్టుకుని పైకి లేపింది. అత్తగారు నిలబడింది. ఒళ్ళంతా వణుకుతోంది. కానీ మొహంలో ఏడాదిగా లేని వెలుగు. తపాలా సంచీ భుజాన వేసుకుని వీధి మొదట్లో నిలబడ్డప్పుడు బహుశా ఇలాగే ఉండేదేమో.

"చెయ్యి తియ్యి."

"వద్దు అత్తయ్యా. పడిపోతారు."

"నీ చెయ్యి ఉన్నంతకాలం నేను నడవను. ఇన్నాళ్ళూ అదే అడ్డం. మోకాలు కూడా తియ్యి."

"అత్తయ్యా, నా మాట వినండి..."

"నీ మాట విననన్నానుగా. ఒరేయ్, నువ్వు చెప్పు. తియ్యమని చెప్పు దీనితో."

ఇల్లాలు మొగుడి వంక చూసింది. ఒక్క మాట చాలు. అబద్ధం చెప్పానమ్మా, అంటే చాలు. ఆ మాట తనూ అనొచ్చు, చెప్పించింది నేనే అని. అంటే ఆవిడ మళ్ళీ గోడ వైపు తిరుగుతుంది. తాగిన నీళ్ళే ఆఖరి నీళ్ళవుతాయి.

"చెప్పండి" అంది ఆయనతో. "మీ అమ్మగారు అడుగుతున్నారు."

లాయరు తల్లిని చూశాడు. ఆవిడ కళ్ళల్లో తనింకా అబద్ధమాడని కొడుకే. ఈ ప్రపంచంలో ఆయన ఆ మనిషిగా మిగిలిన చోటు అదొక్కటే.

"తియ్యి" అన్నాడు.

"నాన్నా!" అని కేక పెట్టింది పిచ్చుక.

ఇల్లాలి వేళ్ళు బెల్టు మీదే ఉన్నాయి. ఆయన మాట ఆయన్నే మొయ్యనీ. అలా అనిపించింది ఆమెకి, ఒక్క క్షణం. ఆ క్షణంలోనే మోకాలు వెనక్కి జరిగింది, వేళ్ళు వదులయ్యాయి.

అత్తగారు కొడుకు మొహం మీంచి చూపు తిప్పకుండా, బరువంతా ఎడమ కాలి మీద వేసి, బాగున్న కాలు పైకెత్తింది.